కోట చూపిస్తానని మాటిచ్చాను, టికెట్‌కు డబ్బు లేదు

ఫ్లోరిడాలోని ఓర్లాండో నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు ముప్ఫై ఒకటి. ఎంఎస్ చేసి, హెచ్‌1బి మీద ఉద్యోగంలో ఉన్నారు. పెళ్లిచూపుల్లో ఏం మాట్లాడాలో తోచక, "మేముండే చోటికి డిస్నీ వరల్డ్ ఇరవై నిమిషాలే, రాగానే చూపిస్తాను" అన్నారట. ఆ అమ్మాయి అప్పటిదాకా దించుకున్న తల ఎత్తి నవ్విందట. వచ్చే నెల వాళ్ల రెండో పెళ్లిరోజు. ఆమె ఇంకా డిస్నీ చూడలేదు.

చదువు అప్పు తీరలేదు. ఊళ్లో ఇంటికి స్లాబు వేయిస్తున్నారు. నెల నెలా డబ్బు పంపించాక చేతిలో మిగిలేది రెండొందల డాలర్లు. భార్య హెచ్‌4 మీద ఉంది, పని చేసే అనుమతి లేదు. రోజంతా అపార్ట్‌మెంట్‌లో ఒక్కతే. ఇద్దరికీ టికెట్లు, పన్ను, పార్కింగ్, తిండి అన్నీ కలిపి లెక్క వేస్తే 450 డాలర్లు తేలింది. ఆదివారం ఆదివారం ఆమె పిన్నిగారు ఫోన్‌లో "డిస్నీ చూశావటే?" అని అడగడం, ఈమె "ఎండలు తగ్గాక వెళ్తాం పిన్నీ" అనడం ఆయన పక్క గదిలోంచి వింటున్నారు. మొన్న వాల్‌మార్ట్‌లో మిక్కీ బొమ్మ కప్పు ఒకటి చేతిలోకి తీసుకుని, తిప్పి అడుగున ధర చూసి, మళ్లీ అక్కడే పెట్టేసి "ఏం బాలేదులే" అందట.

ఆయన అడిగినవి మూడు. టికెట్ కొనకుండా అక్కడ ఇద్దరం ఒక సాయంత్రం గడపొచ్చా? డిస్నీ స్ప్రింగ్స్ అనే కొట్ల చోటుకు టికెట్ అక్కర్లేదని స్నేహితుడు చెప్పాడు, అక్కడికి తీసుకెళ్లి "ఇదే డిస్నీ" అంటే సరిపోతుందా, తనకు తేడా తెలియదు కదా? లేకపోతే క్రెడిట్ కార్డు గీకేసి ఒక్కసారి చూపించి గండం గట్టెక్కమంటారా? చివర్లో ఒక వాక్యం రాశారు: "జాతరకు తీసుకెళ్లి రంగులరాట్నం ఎక్కించకుండా తీసుకొచ్చినట్టు ఉంటుందేమోనని భయం."

*

మీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివింది కప్పు గురించి రాసిన రెండు లైన్లు. మీరు దాన్ని ఊరికే ప్రస్తావించి వదిలేశారు. నాకైతే మీ సమస్య మొత్తం అక్కడే కనిపించింది. ఆ అమ్మాయికి మీ చేతిలో డబ్బు ఆడటం లేదని తెలుసు. మీరు చిన్నబుచ్చుకోకూడదని కప్పు బాలేదంది. అది బాగుందని మీకూ తెలుసు, మీరూ ఊరుకున్నారు.

అందుకే ముందు రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను. ఆ పని చేయకండి. డిస్నీ స్ప్రింగ్స్ చూపించి ఇదే డిస్నీ అనకండి. తనకు తేడా తెలియదు అనుకోవడం మీ భ్రమ. రోజంతా ఫోన్ చేతిలో ఉన్న మనిషి, ఏ స్నేహితురాలు ఫొటో పెట్టినా వెనక డిస్నీ కోట చూస్తున్న మనిషి, కోట లేని చోటికి తీసుకెళ్తే గుర్తుపట్టకుండా ఉంటుందా? గుర్తుపట్టి కూడా "అబ్బ, ఎంత బాగుందండీ" అంటుంది. కప్పు దగ్గర అబద్ధం ఆడినట్టే ఇక్కడా మీకోసం ఆడుతుంది. నాకు భయమల్లా అదే. మీరొకటి నటిస్తూ, ఆమె ఒకటి నటిస్తూ ఇంటికి తిరిగొస్తారు. ఆ తర్వాత డిస్నీ అన్న మాటే మీ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

టికెట్ లేని సాయంత్రాన్ని బాకీ తీర్చడానికి వాడకండి. మాట మాటగానే ఉంది, అది తర్వాత తీరుతుంది. "కోట చూపించే రోజు ఇంకా రాలేదు, ఈలోగా ఇవన్నీ తిరుగుదాం రా" అని ఉన్నదున్నట్టు చెప్పండి. అలా చెప్పి తీసుకెళ్తే అదే చోటు వేరేగా కనిపిస్తుంది. రంగులరాట్నం ఎక్కించకపోవడం తప్పేం కాదు. ఎక్కిస్తానని ఆశపెట్టి తీసుకెళ్తే తప్పు.

ఇప్పుడు మొదటి ప్రశ్న. టికెట్ లేకుండా గడపొచ్చు, నిజంగా బాగా గడపొచ్చు. డిస్నీ వాళ్ల చేతిలో అక్కడ దాదాపు 25 వేల ఎకరాలు ఉంది. టికెట్ అడిగేది నాలుగు థీమ్ పార్కుల గేట్ల దగ్గర, రెండు వాటర్ పార్కుల దగ్గర. మిగిలినదంతా చెరువులు, అడవి, రోడ్లు, పాతికకు దగ్గరగా హోటళ్లు. ఆ హోటళ్లలో ఒక్కోదాన్నీ ఒక్కో లోకంలా కట్టారు. లాబీల్లో, చెరువు గట్ల మీద నడవడానికి టికెట్ లేదు. ఈత కొలనులు మాత్రం అక్కడ బస చేసినవాళ్లకే, వాటి జోలికి వెళ్లకండి.

కారు సంగతి ముందే చెప్పేస్తాను, చాలామందికి అక్కడే ఇబ్బంది వస్తుంది. థీమ్ పార్కుల పార్కింగ్‌కు డబ్బు తీసుకుంటారు. మోనోరైల్ ఎక్కుదామని, కోట ఉన్న మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు పార్కింగ్‌లోకి వెళ్లారంటే ఊరికే వచ్చినా ఆ డబ్బు కట్టాల్సిందే. డిస్నీ స్ప్రింగ్స్ పార్కింగ్ ఉచితం. హోటళ్ల గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి ఎందుకొచ్చారని అడుగుతారు. లోపలి రెస్టారెంట్లో టేబుల్ బుక్ చేసుకుని ఉంటే ఆ పేరు చెబితే చాలు. ఊరికే చూసిపోదామని వచ్చామంటే మామూలు రోజుల్లో వదలొచ్చు, సెలవుల్లో, పండగ వారాల్లో వెనక్కి తిప్పి పంపేస్తారు. డిస్నీ స్ప్రింగ్స్ నుంచి హోటళ్లకు తిరిగే ఉచిత బస్సులు, పడవల దగ్గర కూడా రిజర్వేషన్ చూపించమనొచ్చు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పెళ్లిరోజు ముస్తాబై పక్కన కూర్చున్న భార్య ముందు గేటు దగ్గర కారు వెనక్కి తిప్పాల్సి వస్తే మీరు తట్టుకోలేరు. మొదటిసారి వారం మధ్యలో వెళ్లండి. చిన్నదైనా సరే, ఒక టేబుల్ బుక్ చేసుకుని వెళ్లండి.

నన్నడిగితే పెళ్లిరోజుకు యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్. పార్కు కాదు, ఆ పేరుతో ఉన్న హోటల్. 2001లో కట్టారు. హోటల్ వెనకంతా గడ్డి మైదానం, అందులో జిరాఫీలు, జీబ్రాలు తిరుగుతుంటాయి. లాబీ దాటి వెనక్కి వెళ్తే ఎవరైనా నిలబడి చూసే చోటు ఉంటుంది. అక్కడ అంకోలె అనే ఆఫ్రికా పశువులుంటాయి. మన ఒంగోలు గిత్తను చూసి పెరిగినవాళ్లకు కూడా ఆ కొమ్ములు చూస్తే నోరు తెరుచుకుంటుంది. మనిషి చెయ్యంత పొడవు, మొదట్లో తొడంత లావు. పక్క భవనంలో సనా అని రెస్టారెంట్ ఉంది. ఆఫ్రికా వంటకు మన దేశపు రుచులు కలిపి వండుతారు. అక్కడ అందరూ అడిగేది నాన్, కుల్చా లాంటి రొట్టెల పళ్లెం, దాంతోపాటు తొమ్మిది రకాల పచ్చళ్లు, చట్నీలు ఇస్తారు. ఇద్దరికీ ఒక పళ్లెం చాలు. కిటికీ పక్కన టేబుల్ దొరికితే మీరు రొట్టె తుంచుతుంటే అవతల జిరాఫీ నడిచిపోతుంది. వెలుతురుండగానే వెళ్లండి. చీకటి పడితే జంతువులు సరిగా కనపడవు, అంత దూరం వెళ్లినందుకు ఉసూరుమనిపిస్తుంది.

కోట దూరం నుంచైనా చూపించాలని మీకుంటే పాలినేసియన్ హోటల్ ఉంది. ఆ ముందున్న చెరువు పేరు సెవెన్ సీస్ లగూన్. గట్టు మీద తెల్లటి ఇసుక, కుర్చీలు. అవతలి ఒడ్డున కోట చిన్నగా, బొమ్మలా వెలుగుతూ ఉంటుంది. రాత్రి మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కాల్చే బాణసంచా ఇక్కడి నుంచి బాగా కనిపిస్తుంది. కోట గోడల మీద వెలుతురుతో వేసే బొమ్మలు మాత్రం ఇంత దూరం కనపడవు, ఆకాశంలోవి చూసుకోవడమే. వేళ రోజురోజుకీ మారుతుంది కాబట్టి మై డిస్నీ ఎక్స్‌పీరియన్స్ యాప్‌లో చూసుకోండి, దానికి డబ్బేం లేదు. నీళ్లలో మాత్రం కాలు పెట్టకండి. మొసళ్లు, పాములు ఉంటాయని అక్కడ బోర్డులు రాసి పెట్టి, తాళ్లు కూడా కట్టారు.

ఆ గట్టు మీద మా సంగతొకటి చెప్పాలి. మేం కొత్తగా వచ్చినప్పుడు, మావారు కారు పెట్టే చోటు వెతుకుతూ తిరిగి తిరిగి, మేం ఇసుక మీదికి చేరేసరికి ఆఖరి తారాజువ్వ పొగ మాత్రమే మిగిలింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. సరే వచ్చాం కదా అని కూర్చున్నాం. కాసేపటికి చీకట్లోంచి పాట వినిపించింది. నీళ్ల మీద దీపాల తిమింగలం, దాని వెనక తాబేలు, దాని వెనక సముద్రపు పాము, ఒకదాని వెంట ఒకటి తేలుకుంటూ వచ్చాయి. మొత్తం పద్నాలుగు తెప్పలు. 1971లో ఈ చోటు తెరిచినప్పటి నుంచీ ఆ ఊరేగింపు ఉందని తర్వాత తెలిసింది. ఆ క్షణంలో మావారు "ఇది మన తెప్పోత్సవమే కదే" అన్నారు. ఆ ఏడాది మేం చూసినవాటిలో నాకు ఇప్పటికీ కళ్లముందున్నది అదే. గాలీవానా లేని రాత్రుల్లో బాణసంచా అయ్యాక వెంటనే లేచిపోకుండా ఇంకాసేపు కూర్చుని చూడండి.

పాలినేసియన్‌లోనే మోనోరైల్ స్టేషన్ ఉంది. హోటళ్లను చుట్టివచ్చే ఆ రైలుకు టికెట్ అడగరు. గ్రాండ్ ఫ్లోరిడియన్‌లో దిగితే లాబీలో పియానో వినొచ్చు. తర్వాత మళ్లీ ఎక్కితే, కాంటెంపరరీ హోటల్ దగ్గర రైలు భవనం లోపలి నుంచే వెళ్తుంది. కిందికి చూస్తే జనం కూర్చుని భోజనం చేస్తుంటారు.

నడక ఇష్టమైతే బోర్డ్‌వాక్. చెరువు చుట్టూ చెక్కల బాట, దీపాలు, ఒక చుట్టు తీరిగ్గా నడవడానికి అరగంట పైనే. అక్కణ్నుంచి కాలినడకనే ఎప్‌కాట్ పార్కు పక్క గేటు బయటికి వెళ్లి, తీగకు వేలాడుతూ నడిచే స్కైలైనర్ ఎక్కొచ్చు. ఆ గాలి పెట్టెలకు కూడా టికెట్ లేదు. ఒక్కోసారి పెట్టె మొత్తం మీ ఇద్దరికే దొరుకుతుంది, చెరువు మీదుగా వెళ్తుంటే కింద హోటళ్ల దీపాలు. అందులో ఏసీ ఉండదు, పిడుగుల వాన వస్తే ఆపేస్తారు. వేసవిలో మధ్యాహ్నం వానలు మీకు తెలిసినవే కదా, రాత్రిపూట పెట్టుకోండి.

ఫోర్ట్ విల్డర్‌నెస్ అనే గుడారాల విడిదిలో సాయంత్రం నెగడు వేసి పాటలు పాడించి, తర్వాత ఆరుబయట సినిమా వేస్తారు. ఏ రోజు ఉందో ముందు కనుక్కోండి. నిప్పుల మీద కాల్చుకోవడానికి మార్ష్‌మెలోలు అనే మెత్తటి తీపి ముక్కలు ఇంటి నుంచే తీసుకెళ్లొచ్చు. మీరు శాకాహారులైతే ప్యాకెట్ మీద చదివి కొనండి, మామూలువాటిలో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. డిస్నీ కాకుండా యూనివర్సల్ పార్కుల వాళ్ల సిటీవాక్ అనే బజారు కూడా ఉంది. అక్కడ పార్కింగ్‌కు ఏ వేళ ఎంతో ముందే కనుక్కోండి. అక్కణ్నుంచి పోర్టోఫినో బే హోటల్‌కు ఊరికే తీసుకెళ్లే పడవ ఉంది. ఇటలీ రేవు ఊరిని చూసి కట్టిన చోటు. అదొక్కటే ఒక సాయంత్రానికి సరిపోతుంది.

ఇక డిస్నీ స్ప్రింగ్స్. నేనిది చివర్లో చెప్పడానికి కారణం ఉంది. పార్కింగ్ ఉచితం, లోపలికి ఉచితం, నీటి ఒడ్డున నడక, లెగో కొట్టు ముందు చెరువులోంచి తల ఎత్తిన పెద్ద లెగో పాము, పాటలు పాడేవాళ్లు, అన్నీ బాగుంటాయి. కానీ అది కొట్ల చోటు. అడుగడుగునా కొనమనే వస్తువులే. మీ ఆవిడ ఒక్కో కొట్లో ఒక్కో కప్పు తిప్పి చూసి "బాలేదులే" అంటుంటే మీరు వింటూ నడవాలి. పెళ్లిరోజుకు అది వద్దు. ఇంకెప్పుడైనా, చేతిలో ఇంత అని పెట్టుకుని వెళ్లండి.

ఆ "ఇంత" గురించే. ఖర్చు లేని సాయంత్రాలను కూడా పాడు చేసేది ఎప్పటికప్పుడు వేసే లెక్క. ఐస్‌క్రీమ్ తిందామా అని ఆమె అడగడం, మీరు ఒక్క క్షణం ఆగడం. ఆ ఒక్క క్షణం ఆమెకు వినిపిస్తుంది. బయల్దేరే ముందే 40 డాలర్లో 50 డాలర్లో, మీరు ఇవ్వగలిగింది కవర్లో పెట్టి ఆమె చేతికివ్వండి. ఏం కొనాలో, ఏం తినాలో ఆమె ఇష్టం. మిగిలితే ఆమెదే. రెండేళ్లుగా ప్రతి డాలరూ మీ జీతంలోంచే రావడం చూస్తున్న మనిషి ఆమె. మీరు ఎంత మంచివారైనా, అడిగి తీసుకోవడంలో ఉండే ముడుచుకుపోవడం వేరు. చోటు కూడా ఆమెనే ఎంచుకోమనండి. యాప్ ఆమె ఫోన్‌లో వేసి, వేళలు ఆమెనే చూడమనండి. పగలంతా ఒంటరిగా ఉండే మనిషికి సాయంత్రం ఒకటే దొరికితే అది మూడు గంటల్లో అయిపోతుంది. ఆ సాయంత్రాన్ని ముందుగా తనే వెతికి ఏర్పాటు చేసుకుంటే వారమంతా ఉంటుంది.

క్రెడిట్ కార్డు విషయం. మీరు గీకినా నేను తప్పు పట్టను, 450 డాలర్లతో ఎవరూ మునిగిపోరు. కానీ నెలకు రెండొందలు మిగిలే ఇంట్లో మిగిలిందంతా పోసినా అది తీరడానికి మూడు నెలలు పడుతుంది, కార్డు వడ్డీలు ఏడాదికి 20 శాతం పైనే ఉన్నాయి. అసలు ఇబ్బంది వడ్డీ కూడా కాదు. పార్కులో నడుస్తున్నంతసేపూ మీ మొహంలో ఆ బిల్లు కనిపిస్తుంది. గంటన్నర లైన్లో నిలబడ్డప్పుడు "ఇంత డబ్బు పోసి" అనే మాట మీ నోట్లోంచి జారితే, అదే ఆమెకు గుర్తుండిపోతుంది. జారదు అని మీకు నమ్మకముంటే వెళ్లండి. నాకు మాత్రం అనుమానమే.

కూడబెట్టి వెళ్లే దారి నిదానం, కానీ మాట నిలబడుతుంది. టికెట్ ధర రోజును బట్టి, పార్కును బట్టి మారుతుంది. 2025లో నాలుగు పార్కుల్లో చవకైన రోజున 119 డాలర్ల దగ్గర మొదలై, క్రిస్మస్ వారంలో 200కి దగ్గరగా పోయింది, పన్ను వేరే. కోట ఉన్న మ్యాజిక్ కింగ్‌డమే అన్నింట్లో ఖరీదు. ఆగస్టు చివరా సెప్టెంబర్‌లోనూ వారం మధ్య రోజులు తక్కువకు వస్తాయి, ఉక్కపోత భరించాలి. ఫ్లోరిడాలో ఉండేవాళ్లకు విడిగా తగ్గింపు టికెట్లు అమ్ముతుంటారు, ఇక్కడి చిరునామా ఉన్న లైసెన్స్ చూపించాలి. కాకపోతే అవి ఎక్కువగా రెండు మూడు రోజులవి. రోజుకు పడేది తగ్గుతుంది గానీ చేతి నుంచి పోయే మొత్తం తగ్గకపోవచ్చు, ఒక్కరోజు చాలనుకుంటే రెండూ పోల్చి చూడండి. పార్కులోకి ఇంటి తిండి తీసుకెళ్లనిస్తారు కాబట్టి పులిహోర, నీళ్ల సీసాలు సర్దుకుంటే మీ 450లో చాలా తగ్గుతుంది. నెలకు 40 పక్కన పెడితే పదినెలల్లో అయిపోతుంది. తేదీ ఇప్పుడే క్యాలెండర్‌లో రాసి గోడకు తగిలించండి. తేదీ లేని మాటనే "ఎండలు తగ్గాక" అంటారు.

ఇంకో సంగతి, మీరు అడగలేదు, అయినా చెబుతున్నాను. ఆమెకు ఇప్పటికి డిస్నీ మీద అంత మోజు లేకపోయి ఉండొచ్చు కూడా. రెండేళ్ల కిందటి పెళ్లిచూపుల్లో నవ్విందంటే ఆ నవ్వు కోటకా, తడబడుతూ ఏదో ఒకటి చూపిస్తానన్న మనిషికా, మీకేం తెలుసు? ఒకసారి అడగండి. అడిగే ముందు మీ లెక్కల కాగితం, స్లాబు ఖర్చు, అప్పు అసలెంత మిగిలిందో అన్నీ ఆమె ముందు పెట్టండి. అవి చూశాక "సరే, పదినెలలు ఆగుదాం" అనొచ్చు, "ఈ ఏడాది వద్దు, వచ్చే ఏడాది చూద్దాం" అనొచ్చు, "నాకు ఈ పెళ్లిరోజుకే కావాలి" అని కూడా అనొచ్చు. ఆ చివరి మాట అంటే కార్డు గీకడం ఇద్దరి నిర్ణయం అవుతుంది, అప్పుడు పార్కులో మీ మొహం కూడా వేరేగా ఉంటుంది.

పిన్నిగారి ఫోన్ గురించి మీరు మరీ కుమిలిపోకండి. ఈసారి ఆదివారం ఆవిడ అడిగేసరికి మీరు లాడ్జ్‌కు వెళ్లొచ్చి ఉంటే, "ఇంకా లేదు పిన్నీ, ఫలానా నెలలో వెళ్తాం. మొన్న మాత్రం జిరాఫీ పక్కన కూర్చుని రొట్టెలు తిన్నాం, ఫొటో పంపనా?" అని మీ ఆవిడే చెబుతుంది. పక్క గదిలోంచి వినండి.